బయట కూర్చున్న మనిషి

మా సంఘంలో గృహసందర్శన ప్రార్థనకు కొత్తగా పేర్లిచ్చిన వారి కోసం ఇది వ్రాస్తున్నాను. మోకాళ్ళు సహకరించక ఈ పని నుండి తప్పుకుంటున్నాను. అంతకుముందు ముప్ఫై మూడేళ్ళు ఈ ద్వీపాలలో, మొదట డిగ్లీపూర్‌లో, తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో, ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పాను. పదవీ విరమణ రోజున శాలువా కప్పి ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉద్యోగం గురించి చెప్పవలసినది అప్పుడే అందరూ చెప్పేశారు. దాని తర్వాత పద్నాలుగేళ్ళు చేసిన ఈ పని గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. దీనికి జీతం లేదు, నియామకపత్రం లేదు, శిక్షణ అంతకన్నా లేదు. శిక్షణ లేక ఒక ఇంట్లో నేను చేసిన తప్పు మీరు చేయకూడదు. ఈ కాగితాలకు అంతకు మించిన ఉద్దేశం లేదు.

సుగుణ పుస్తకం

ఈ పని నాకంటే ముందు నా భార్య సుగుణ చేసింది. ప్రతి మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం నాలుగు గంటలకు డెలానీపూర్‌లోని మా క్వార్టరు నుండి ఆమెను స్కూటరు మీద తీసుకువెళ్ళి, ఎవరింటికి వెళ్ళవలసి ఉంటే ఆ ఇంటి ముందు దించేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్ళేది. నేను స్కూటరుకు స్టాండు వేసి, దాని మీదే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి. ఒక్కనాడూ లోపలికి వెళ్ళలేదు. ఆదివారం ఆరాధనకు సమయానికి వెళ్ళి, మూడవ వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే బయటికి వచ్చే విశ్వాసిని నేను. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో చాపల మీద కూర్చుని చేసే ప్రార్థన ఆడవారి కాలక్షేపమని నా అభిప్రాయం.

"లోపల గంటన్నర ఏం చేస్తారు?" అని ఒకసారి అడిగాను.

"మాట్లాడుకుంటాం."

"మాట్లాడుకోవడానికి గంటన్నరా?"

"మీరు ఒక్క సంధికి వారం రోజులు తీసుకోరూ?" అంది.

నేను ఉద్యోగ విరమణ చేసిన రెండు నెలలకు ఆమె పోయింది. మొదట జ్వరమన్నారు, తర్వాత మూత్రపిండాలన్నారు. ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు. పోయినవారి ఇంటివారి కోసం సంఘం జరిపే ఆదరణ కూడిక అయింది, బంధువులు ఓడ ఎక్కారు, ఇల్లు ఖాళీ అయింది. జీవితమంతా గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు గంట కొట్టేవారు లేరు. ఒక మంగళవారం నాలుగు గంటలకు చొక్కా తొడుక్కుని, స్కూటరు తాళం తీసుకుని, గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఎక్కించుకోవడానికి మనిషి లేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

లోపలికి వెళ్ళి ఆమె చేతిసంచి తెరిచాను. అందులో నోటు పుస్తకం ఒకటి ఉంది. దానికి అట్ట వేసింది నేనే, ఎందుకని అడగకుండా వేశాను. ఏడవ తరగతి దాకా చదివిన మనిషి, గుండ్రటి అక్షరాలతో పేర్లు వ్రాసి, ప్రతి పేరు పక్కన ఒక్కొక్క మాట పెట్టుకుంది. "సిప్పీఘాట్ రత్నం, కొడుకు ఫోను చేయడు." "జంగ్లీఘాట్ సలోమి, అత్తగారితో మాటల్లేవు." మా వీధిలో కూరలమ్మే బెంగాలీ దీదీ పేరు కూడా ఉంది, ఆమెకు పంటినొప్పి.

నా పేరు కోసం మొదటి పేజీ నుండి చివరి దాకా వెదికాను. అట్ట లోపలి వైపు కూడా చూశాను. లేదు.

తర్వాతి మంగళవారం ఆ పుస్తకం పట్టుకుని మొదటి పేరుగల ఇంటికి వెళ్ళాను. మన కూడికల్లో సాక్ష్యం చెప్పేవారు దేవుని పిలుపు వినబడిందని చెబుతారు. వారికి వినబడి ఉంటుంది. నేను మాత్రం రెండు సంగతులు తెలుసుకోవడానికి వెళ్ళాను. ఆ గంటన్నర ఆమె లోపల ఏం చేసేది? అన్ని పేర్లు పలికిన నోటితో నా పేరు ఎప్పుడైనా పలికిందా? మొదటిది ఎవరినైనా అడగవచ్చు. రెండవది అడగడానికి నాకు మూడేళ్ళు నోరు రాలేదు.

నా క్రమం

నేను ఈ పనిని పాఠశాలలా నడిపాను. ఇంటికి ఇరవై నిమిషాలు. చేయవలసిన ప్రార్థన ముందుగానే కాగితం మీద వ్రాసుకునేవాణ్ణి. సుగుణ పుస్తకంలోని పేర్లన్నీ కొత్త రిజిస్టరులోకి ఎక్కించి గడులు గీశాను: పేరు, విన్నపం, ఫలితం. నెరవేరిన విన్నపానికి ఆకుపచ్చ సిరా. మరణించిన వారి పేరు అదే సాయంత్రం స్కేలు పెట్టి ఎర్ర సిరాతో కొట్టివేయడం. మన సంఘంలో మరణించిన వారి కోసం ప్రార్థించరని మీకు తెలుసు. వారి పేరు తీసివేసి, మిగిలిన వారి పేరు ఆదరణ కోసం వ్రాస్తాము. అది సంఘ నియమం. స్కేలు, ఎర్ర సిరా నావి.

అప్పటి సంఘకాపరి నా పూర్వ విద్యార్థి. ఎనిమిదవ తరగతిలో రెండుసార్లు బెంచీ ఎక్కించాను. పరిచర్యలో ఆయన నాకు అధికారి. వారం వారం ఆయనకు నివేదిక ఇచ్చేవాణ్ణి.

"మాస్టారూ, మీరు ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకోగానే నాకు 'ప్రెజెంట్ సార్' అనబుద్ధవుతుంది," అన్నారు ఒకసారి.

"శ్రద్ధగా వింటున్నారన్నమాట."

"భయంగా వింటున్నాను మాస్టారూ."

నేను దానిని మెప్పుగా తీసుకున్నాను. ఆయన మంచివారు. కాని పెద్దవాడినని నన్ను నొప్పించకుండా వేళాకోళంగా దిద్దబోయారు. నావంటివాడికి వేళాకోళం చాలదు. మీలో ఎవరైనా రేపు ఈ పనికి పెద్దలైతే, తప్పు కనబడినప్పుడు సూటిగా చెప్పండి, ఎదుటివాడు మీ గురువైనా సరే.

జనం నన్ను భరించారు. సుగుణమ్మగారి భర్త అని భరించారు. చాప వేశారు, చాయ్ ఇచ్చారు, ఇరవై నిమిషాలు తల వంచుకున్నారు. ఒకటి ఒప్పుకుంటాను. ఆ సాయంత్రాలు నేను ఖాళీ ఇంట్లో ఉండనవసరం లేకపోయింది. వారికి నా వల్ల ఏ మేలు జరిగిందో తెలియదు కాని, మొదటి మూడేళ్ళు నన్ను నిలబెట్టినవి వారి చాపలే.

తాతారావు

సలోమి భర్త తాతారావు చేపల వేటకు వెళ్ళేవాడు. వారి తాతలు శ్రీకాకుళం తీరం నుండి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. తాతారావు, మరి ఇద్దరు, డోంగీ అనే చిన్న ఇంజను పడవలో బయలుదేరారు. మూడవ రోజు ఉదయానికి రావలసినవారు రాలేదు. గస్తీ నౌకలు వెదికాయి, విమానం వెదికింది. వారం దాటాక వెదకడం ఆపివేశారు. మిగిలిన ఇద్దరి కుటుంబాలు ఒప్పుకోగా సంఘంలో ఆదరణ కూడికలు జరిగాయి. సలోమి మాత్రం సంఘపెద్దలతో "ఇంకా వద్దు" అన్నదట. ఆ మాట నాకు తెలుసు. తేదీ వాయిదా వేయమంటున్నదని అనుకున్నాను.

మంగళవారం బయలుదేరే ముందు రిజిస్టరు తెరిచి, తాతారావు పేరు మీద స్కేలు పెట్టి ఎర్రగీత గీశాను. దాని కింద "సలోమి, ఆదరణ" అని వ్రాశాను. గీత తిన్నగా వచ్చింది. ఆ తృప్తి నాకు ఇంకా గుర్తున్నది, అందుకే చెబుతున్నాను.

సలోమి ఇంట్లో ఇరుగుపొరుగు ఆడవారు ఏడెనిమిది మంది ఉన్నారు. అత్తగారు గోడకు చేరబడి కూర్చుంది. నేను కాగితం విప్పి ప్రార్థన మొదలుపెట్టాను. మూడవ వాక్యంలో "భర్తను కోల్పోయి విధవరాలైన ఈ సహోదరిని ఆదరించుము" అని చదువుతుండగా గిన్నె చప్పుడైంది. కళ్ళు తెరిచాను. సలోమి లేచి వెళ్ళి, మాకు వీపు పెట్టి, పొయ్యి వెలిగించి, దాని మీద అన్నానికి ఎసరు పెడుతోంది.

"సలోమీ, ప్రార్థన మధ్యలో లేవకూడదు," అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. "మీకెవులు సెప్పినారు మాస్టారూ?"

"ఏమిటి?"

"మా ఆయన పోనాడని. దేవుడు సెప్పినాడా?"

"వెదకడం ఆపేశారు కదమ్మా."

"ఆళ్ళు ఆపీసినారు. నాను ఆపీలేదు. ఏటకెల్లిన మనిషికి నాను ఎసట్లో బియ్యం ఏత్తన్నాను. మీరొచ్చి మట్టేసేత్తన్నారు."

"ఒసే, పెద్దాయనే," అంది అత్తగారు.

"పెద్దాయనైతే? సుగుణ దీదీ ఎప్పుడైనా అడక్కండా నోరిప్పిందా? కూకోగానే అడిగీది, 'దేవుణ్ణి ఏటి అడగమంటావు సలోమీ' అని. నాను సెప్పిందే అడిగీది. ఈయన ఇంటికాడే కాయితం మీద నా బతుకు రాసీసుకుని తెచ్చినాడు." గొంతు పెంచలేదు. గుమ్మం వైపు చూపించింది. "బస్ మాస్టారూ, ఇంక సాలు. సెప్పులేసుకోండి."

నేను లేచాను. చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. అత్తగారు గోడ పట్టుకుని లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, డబ్బాలోంచి ఇంకొక గుప్పెడు బియ్యం తీసి కోడలి గిన్నెలో వేసింది.

ఏడు మంగళవారాలు

సంఘకాపరికి జరిగింది జరిగినట్లు నివేదించాను.

"మాస్టారూ, ఈసారి మీరు బెంచీ ఎక్కాలి," అన్నారు ఆయన. ఈసారి వేళాకోళం కాదు.

"అవును."

"ఆ ఇంటికి ఇంకెవరినైనా పంపనా?"

"వద్దు. నేనే వెళ్ళాలి."

ఎర్ర సిరా చెరగదు. రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి "తాతారావు, వేటలో ఉన్నాడు" అని మళ్ళీ వ్రాశాను.

మంగళవారం నాలుగు గంటలకు సలోమి ఇంటి ముందు స్కూటరు ఆపి, దాని మీదే కూర్చున్నాను. తలుపు మూసుకుంది. ఇరవై నిమిషాలు అనుకున్నవాణ్ణి గంటన్నర కూర్చున్నాను. సుగుణ లోపల ఉన్నప్పుడు కూర్చున్నంతసేపు. రెండవ మంగళవారం తలుపు మూయలేదు, కాని ఎవరూ బయటికి రాలేదు. మూడవ వారం అత్తగారు స్టీలు గ్లాసులో చాయ్ పంపింది. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చాను. అలా నడిచింది. దిద్దడానికి పేపర్లు లేవు. గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం తప్ప పని లేదు. ఆ గుమ్మం స్కూటరుకు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. ఏళ్ళ తరబడి ఆ పన్నెండు అడుగులూ సుగుణ ఒక్కతే నడిచింది.

ఏడవ మంగళవారం వాన పట్టుకుంది. చూరు కింద చేపలకు ఐసు వేసే ఖాళీ పెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను. సలోమి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీకిది అలవాటేలెండి," అంది.

"ఏది?"

"బయట కూకోడం. దీదీ లోపలుంటే మీరు స్కూటరెక్కి పేపర్లు దిద్దీవోరు. మేం కిటికీలోంచి సూసి నవ్వుకునీవోళ్ళం. 'ఎవుడో పాపం సున్నా కొట్టించుకుంటన్నాడు' అనీది దీదీ."

నవ్వాను. సుగుణ పోయిన తర్వాత ఆమె మాటకు నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు ఉన్నంతలోనే, మూడేళ్ళుగా రాని ప్రశ్న వచ్చేసింది.

"సలోమీ, ఆమె నా కోసం ఎప్పుడైనా ప్రార్థించిందా?"

"ఎప్పుడైనా ఏటి మాస్టారూ? పెతి మంగళారం. ఆకర్న మీదే."

"ఆమె పుస్తకంలో నా పేరు లేదు."

"నానూ అడిగాను ఓపాలి. 'అందరి పేర్లూ రాసుకుంటన్నావు, మాస్టారి పేరు ఏదీ దీదీ' అన్నాను. 'మరిచిపోతాననుకున్నవాళ్ళవే రాసుకుంటాను సలోమీ' అంది."

వాన చూరు మీద పడుతోంది. పెట్టె మీద నుండి లేచాను.

"ఏమని అడిగేది?"

"ఎప్పుడూ ఒకటే మాట. 'పెబువా, బయట కూర్చున్న మనిషిని లోపలికి తీసుకురా.' అంతే. ఆమేన్ అనీసి, సంచి తీసుకుని మీకాడికొచ్చీది." సలోమి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. "ఒచ్చీండి మరి. తడిసిపోతన్నారు."

లోపలికి వెళ్ళాను. చాప మీద కూర్చున్నాను. కాగితం తేలేదు.

"దేవుణ్ణి ఏమి అడగమంటావమ్మా?" అన్నాను.

"మా ఆయన ఎక్కడున్నా ఆకలితో ఉండకూడదు. ఇంకేటీ ఒద్దు."

అది అడగబోయాను. సగం దాకానే అడగగలిగాను. మిగిలిన సగం సలోమి అత్తగారు అడిగి ముగించింది.

సుగుణ ప్రార్థన నెరవేరిందని సంతోషించమంటారు కొందరు. నెరవేరింది. ఆమె పోయిన మూడేళ్ళకు నెరవేరింది. నేను లోపలికి వచ్చేసరికి ఆ గదిలో ఆమె లేదు. ఆ పన్నెండు అడుగులు ముందే వేసి ఉంటే, ఆమె పక్కన కూర్చుని, పరాయివాళ్ళ కష్టం అడిగేటప్పుడు ఆమె గొంతు ఎలా ఉండేదో వినేవాణ్ణి. ఎంత ప్రయత్నించినా దానిని ఊహించలేను. నాతో మాట్లాడిన గొంతే గుర్తుంది, దేవునితో మాట్లాడిన గొంతు నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లో చాప మీద కూర్చున్నా, నా ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలే కూర్చున్నాను. ఎవరైనా అక్కడ కూర్చోబోతే నాకు తెలియకుండానే ముఖం చిట్లించేవాణ్ణట. తర్వాత చెప్పారు.

అడిగిన తర్వాతే

మీకు నేను ఇవ్వగలిగిన శిక్షణ ఇది. ముందు అడగండి. వారు చెప్పినదే దేవునికి చెప్పండి. మీకు తోచినది కలపకండి.

వినడానికి సులువు. చేసి చూడండి. డిగ్లీపూర్ నుండి రోజంతా బస్సులో వచ్చి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో చేరిన ఒక వృద్ధ రైతు ఉండేవాడు. గుండె జబ్బు. స్వస్థత కోసం అడుగుదామని మనసులో సిద్ధపడి, అలవాటు ప్రకారం "ఏమి అడగమంటారు?" అన్నాను.

"పక్కమంచం ఆయన గురక తగ్గాల మాస్టారూ. మూడు రోజులై నిద్ర లేదు."

మునుపైతే ఆయనకు ప్రార్థన గౌరవం గురించి ఐదు నిమిషాలు బోధించేవాణ్ణి. ఈసారి కళ్ళు మూసుకుని, ఆ గురక తగ్గించమని దేవుణ్ణి అడిగాను. అందరికంటే బిగ్గరగా "ఆమేన్" అన్నది పక్కమంచం మనిషే. రైతు మంచం కదిలేటట్లు నవ్వాడు. ఆ సాయంత్రం నుండి ఇద్దరూ స్నేహితులయ్యారు. ఆ తర్వాతే రైతు తన గుండె సంగతి, దాని వెనుక ఉన్న భయం సంగతి నాకు చెప్పాడు. గురక దగ్గర అడ్డుపడి ఉంటే అంత దూరం వచ్చేవాడు కాదు.

ఇంకొకటి. సిప్పీఘాట్‌లో పోకతోట ఉన్న ఒక పెద్దమనిషి గేటు దగ్గరే "ప్రార్థన వద్దు, మాస్టారూ, ఊరికే కూర్చుంటానంటే రండి" అన్నాడు. భార్య పోయినవాడు. రెండేళ్ళు ఊరికే కూర్చున్నాను. ఆయన ప్రార్థన అడగలేదు, నేను చేయలేదు. దీనిని వ్యర్థమైన రెండేళ్ళుగా నివేదికలో వ్రాయమని ఒక సంఘపెద్ద సూచించారు. నేను వ్రాయలేదు. వద్దన్న ఇంట్లో నోరు తెరవకండి. మీ లెక్క కోసం ఎవరినీ మోకరింపజేయకండి.

అప్పగింత

తాతారావు రాలేదు. పదకొండేళ్ళయింది. సలోమి ప్రతి మంగళవారం అదే మాట అడగమంటుంది, నేను అదే అడుగుతాను. మరణించిన వారి కోసం ప్రార్థించడం కాదా అని ఒక యువకుడు నన్ను నిలదీశాడు. అతని ప్రశ్న న్యాయమైనది. తాతారావు బ్రతికి ఉన్నాడని నేను చెప్పను. లేడని కూడా నేను చెప్పను. ఒకసారి చెప్పి చూశాను.

గత వారం రిజిస్టరును ప్రిసిల్లాకు అప్పగించాను. ఇకపై ఈ పని నడిపించేది ఆమె. ఇక్కడే పుట్టి పెరిగి, డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పని చేస్తున్నది. ఇద్దరు పిల్లల తల్లి. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. అందుకని పేర్లు నేను చదివాను, ఆమె తన ఫోనులో హిందీ అక్షరాలతో ఎక్కించుకుంది. తెలుగు చెప్పిన ఉపాధ్యాయుడిగా నాకది కష్టమే. సర్దుకున్నాను.

"ఇక్కడ చూడండి సార్, ఈ తాతారావు అంకుల్ పేరు క్రాస్ చేసి ఉంది, నెక్స్ట్ పేజీలో మళ్ళీ ఉంది. డబుల్ ఎంట్రీ హో గయా."

"మొదటిది నా తప్పు. రెండవది ఉంచు."

"ఎప్పటి దాకా సార్?"

"సలోమి చాలు అనేదాకా."

తల ఊపి ఎక్కించుకుంది. చివరి పేజీ అయింది. రిజిస్టరు మూసి, దాని మీద సుగుణ నోటు పుస్తకం పెట్టి, రెండూ ఆమె ముందుకు జరిపాను. నోటు పుస్తకం మాత్రం ఆమె వెనక్కి జరిపింది. "ఇది మీ దగ్గరే ఉండనీయండి సార్," అంది. తర్వాత ఏదో గుర్తుకు వచ్చినట్లు ఫోను మళ్ళీ తెరిచింది.

"సార్, ఇన్ని పేర్లలో మీ పేరే లేదు. లాస్ట్‌లో పెట్టనా?"

"మరిచిపోతాననుకుంటే పెట్టుకో," అన్నాను.

ప్రిసిల్లా వేలు తెర మీద ఆగింది. నా ముఖం వైపు చూసింది. నా పేరు ఎక్కించకుండానే ఫోను ఆపి సంచిలో పెట్టుకుంది.